గాలిలో కరెంటు పోతే

(స్వర్ణోత్సవాల సందర్భంగా ఉక్కునగరంలో జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "బాబూ, నీ పని గురించే చెప్పు. కానీ రిటైరైన మాస్టార్లకీ, తొమ్మిదీ పదీ చదువుతున్న పిల్లలకీ కూడా అర్థమవ్వాలి" అన్నారు. నా పని కొలతలు. ప్రెషరు, టెంపరేచరు, ఫ్లో, లెవెలు కొలిచే పరికరాల మధ్యే ముప్పై ఏళ్లు తిరిగాను. గత ఆరేడేళ్లుగా వాటిలోకి డ్రోన్ కూడా వచ్చి చేరింది. అందుకని ఈ రోజు ఒక్క విషయమే తీసుకున్నాను. ఎగురుతున్న డ్రోన్‌కి గాలిలో ఉండగా కరెంటు పోతే ఏమవుతుంది? అప్పుడు మన చేతిలో ఏముంటుంది?

యాభై ఏళ్ల కిందట ఈ ఉక్కునగరమే లేదు. 1971 జనవరి 20న బాలచెరువు దగ్గర ఇందిరాగాంధీ గారు వేసిన శంకుస్థాపన రాయి, దాని చుట్టూ ఎదురుచూపులు, అంతే. మా నాన్నగారు ఫిట్టరుగా వచ్చేసరికి కూడా ఇటు రోడ్లన్నీ ఎర్రమట్టే. ఆ రోజుల్లో ఆకాశంలో ఏదైనా చప్పుడైతే మేమంతా క్లాసులోంచి బయటికి పరుగెత్తి చూసేవాళ్లం. ఇప్పుడు చప్పుడైతే ఎవరూ తలెత్తరు, ఏ పెళ్లి వీడియోవాడో అనుకుంటారు.

కానీ పెళ్లి వీడియోల దశ దాటిపోయిందండీ. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచెత్తినప్పుడు, పడవలు వెళ్లలేని సందుల్లో డాబాల మీద చిక్కుకున్నవాళ్లకి డ్రోన్లే ఆహారం, నీళ్లు, మందులు అందించాయి. అదే ఏడాది అక్టోబరు 22 రాత్రి పున్నమి ఘాట్ దగ్గర, కృష్ణమ్మ మీద, ఒకేసారి 5,500 డ్రోన్లు ఎగిరాయి. పల్లెల్లో మందు పిచికారీకి డ్రోన్లొస్తున్నాయి. అంటే మన నెత్తిమీద ఎగిరే బరువులు పెరుగుతున్నాయన్నమాట. అవి ఎలా ఎగురుతాయో చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఎలా పడతాయో మాట్లాడటం మాత్రం అపశకునంలా చూస్తారు. నేను అదే మాట్లాడదామనుకుంటున్నాను.

ముందు పెద్ద డ్రోన్ సంగతి చెబుతాను. 2024 సెప్టెంబరు 18, మధ్యాహ్నం సుమారు 2 గంటలు. తమిళనాడులో అరక్కోణం దగ్గర ఐఎన్ఎస్ రాజాలి అని నౌకాదళ వైమానిక స్థావరం ఉంది. అది మన విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళ కమాండ్ కిందిదే. అక్కడినుంచి సముద్రం మీద నిఘాకి వెళ్లిన సీగార్డియన్ అనే డ్రోన్‌లో సాంకేతిక లోపం వచ్చింది. 2020లో అమెరికాలోని జనరల్ అటామిక్స్ కంపెనీ నుంచి లీజుకు తెచ్చుకున్న రెండింటిలో అదొకటి. చిన్న బొమ్మ కాదు, రెక్కల కొస నుంచి కొసకి 24 మీటర్లు. నలభై వేల అడుగుల ఎత్తున ముప్పై గంటలకు పైగా తిరగగలది.

నేవీ ఇచ్చిన ప్రకటన నాలుగు ముక్కలే. లోపం వచ్చింది. గాలిలో ఉండగా రీసెట్ చేస్తే సరికాలేదు. విమానాన్ని సముద్రం మీద సురక్షితమైన చోటుకి నడిపించారు. చెన్నై తీరానికి అవతల నీళ్లలోకి అదుపులోనే దించారు. ఏ భాగం చెడిందో అందులో లేదు. నాకు ముఖ్యమనిపించింది మూడో ముక్క. రీసెట్ పనిచెయ్యలేదని తేలిన మరుక్షణం నుంచి, కంట్రోల్ గదిలో కూర్చున్నవాళ్లు "దీన్ని ఇంటికి తేవాలి" అన్న ఆలోచన మానేసి, "దీన్ని ఎక్కడ పడెయ్యాలి" అన్న ఆలోచనలోకి వెళ్లారు. వందల కోట్ల యంత్రాన్ని చేతులారా సముద్రంలో కలపడానికి గుండె కావాలి. వెనక్కి తేబోయి చెన్నై శివార్లలో ఏ ఇళ్ల మీదో పడేస్తే? నెల తిరక్కుండానే, అక్టోబరు 15న, అదే జాతి డ్రోన్లు 31 కొనడానికి మన దేశం ఒప్పందం మీద సంతకం పెట్టింది. ఒకటి పడిందని పని ఆగదు.

రెక్కలున్న విమానానికి ఒక సుఖం ఉంది. ఇంజను ఆగినా రాయిలా పడదు, జారుకుంటూ వస్తుంది. ఎత్తే దానికి బ్యాంకులో డబ్బు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజన్లూ పోయిన విమానాన్ని కెప్టెన్ సలెన్‌బర్గర్ హడ్సన్ నదిలో దించాడు కదా, 155 మందీ బతికారు. ఆ కథ అందరికీ తెలుసు. కానీ మాలాంటివాళ్లకి అందులో నచ్చే వివరం ఇంకొకటుంది. ఇంజన్లు పోగానే ఆయన మొదట చేసిన పనుల్లో ఒకటి, తోకలో ఉండే చిన్న సహాయక ఇంజనుని ఆన్ చెయ్యడం. చెక్‌లిస్టులో ఆ అంశం చాలా కిందుంది. ఆయన దానికోసం ఆగలేదు. ఎందుకంటే ఆ విమానం కంప్యూటర్ల మీద ఎగిరేది, కంప్యూటర్లకి కరెంటు కావాలి. ఇంజన్లు పోయినా కరెంటు ఉన్నంతసేపు విమానం మాట వింటుంది.

ఇప్పుడు మన చిన్న డ్రోన్ దగ్గరికి వద్దాం. నాలుగో, ఆరో, ఎనిమిదో ఫ్యాన్లుంటాయి. రెక్కలుండవు. ఆ ఫ్యాన్లు తిరగడానికీ, బుర్ర పనిచెయ్యడానికీ, మనతో రేడియోలో మాట్లాడటానికీ మామూలుగా ఒకటే బ్యాటరీ. హెలికాప్టరుకైతే ఇంజను ఆగినా పెద్ద పంకా గాలికి తిరుగుతూ కొంత ఆదుకుంటుంది. ఈ చిన్న ఫ్యాన్లకి ఆ అదృష్టం లేదు. ఆరు ఫ్యాన్లలో ఒకటి పోతే మిగతా ఐదూ కిందామీదా పడి దింపుతాయి. బ్యాటరీ తీగే ఊడితే ఆరుంటే ఏం, అరవై ఉంటే ఏం?

పిల్లలు ఉన్నారు కాబట్టి ఒక లెక్క. అరవై మీటర్ల ఎత్తు, అయిదు కిలోల డ్రోన్. మన ఫిజిక్స్ మాస్టారు బోర్డు మీద రాయించిన సూత్రాలు చాలు. గాలి అడ్డాన్ని పక్కన పెడితే కింద పడటానికి మూడున్నర సెకన్లు. నేలను తాకేటప్పటి వేగం గంటకి 120 కిలోమీటర్ల పైమాటే. గాలి అడ్డాన్ని కలిపితే కాస్త తగ్గుతుంది, మనిషికి తగిలే దెబ్బలో పెద్ద తేడా రాదు. ఆ శక్తి ఎంతంటే, యాభై కిలోల సిమెంటు బస్తా ఆరు మీటర్ల ఎత్తునుంచి, అంటే రెండంతస్తుల డాబా మీంచి పడినంత. డ్రోన్ ముందుకి సెకనుకి ఆరు మీటర్ల చొప్పున పోతూ ఉంటే, కరెంటు పోయిన చోట కాకుండా ఇంకో ఇరవై మీటర్లు అవతల పడుతుంది. ఇది గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

మూడున్నర సెకన్లు. ఇందాక సీగార్డియన్ వాళ్లకి ఆలోచించడానికి టైముంది. ఇక్కడ లేదు. కాబట్టి ఎక్కడ పడాలో నిర్ణయించే పని, డ్రోన్ నేలమీద ఉండగానే అయిపోవాలి.

ఇది నేను పుస్తకంలో చూసి చెప్పడం లేదు. మూడేళ్ల కిందట, మన విశాఖ చుట్టుపక్కలే, ఒక బొగ్గు యార్డులో నా కళ్ల ముందు జరిగింది. యార్డు పేరు, కంపెనీల పేర్లు చెప్పను, అవి మనకి అనవసరం. బొగ్గు గుట్టల్లో ఎన్ని టన్నులున్నాయో లెక్కగట్టడానికి డ్రోన్‌తో ఫోటోలు తీయిస్తారు. ఒకదాని మీద ఒకటి ముప్పావువంతు అతుక్కునేట్టు వందల ఫోటోలు తీస్తే, కంప్యూటరు వాటినుంచి గుట్ట ఆకారం కట్టి ఘనపరిమాణం చెబుతుంది. ఇదివరకు టోటల్ స్టేషన్ పట్టుకుని మనుషులు ఎండలో గుట్టలెక్కి రెండు రోజులు చేసే పని, ఇప్పుడు గంటలో అవుతుంది. నేను కొలతలు సరిచూసే ఇంజనీరుగా వెళ్లాను. డ్రోన్ నడిపేది ఒక కాంట్రాక్టు సంస్థలో పనిచేసే కుర్రాడు. పాతికేళ్లుంటాయి, గాజువాక వైపు వాడు, ఐటీఐ చదివి పైలట్ లైసెన్సు తెచ్చుకున్నాడు.

ఎగరెయ్యడానికి ముందు ఆ అబ్బాయి యార్డు సూపర్‌వైజరుతో వాదన పెట్టుకున్నాడు. గుట్ట పక్కన ఇద్దరు ఆడవాళ్లు టార్పాలిన్లు సర్దుతున్నారు. వాళ్లని పంపేస్తేగాని ఎగరెయ్యనన్నాడు. "ఎంత ఎత్తున ఎగురుతుందో చుట్టూ అంత దూరం ఖాళీ ఉండాలండి. అరవై మీటర్లు" అన్నాడు. సూపర్‌వైజరుకి చిరాకొచ్చింది. "నీ బొమ్మ ఎగరడానికి యార్డంతా బంద్ చెయ్యమంటావేంట్రా?" అన్నాడు. కుర్రాడు కదల్లేదు. చివరికి వాళ్లని కన్వేయరు గ్యాలరీ కిందకి పంపారు. వాళ్లు వెళుతూ వెళుతూ, "ఎండలోంచి నీడకి పంపావు నాయనా, చల్లగా ఉండు" అని నవ్వారు.

పదకొండో నిమిషంలో చప్పుడు ఆగిపోయింది. ఇది విన్నవాళ్లకే తెలుస్తుంది. అంతసేపూ తేనెటీగల తుట్టెలా మోగుతున్నది ఒక్కసారిగా నిశ్శబ్దం. స్క్రీన్ మీద "లింకు లేదు" అని వచ్చేలోపే చెవికి తెలిసిపోయింది. కుర్రాడు విజిల్ వేశాడు. అంతే, ఇంకేం చెయ్యలేదు, చెయ్యడానికి లేదు కూడా. పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో చెప్పాడు, విజిల్ వినబడితే పైకి చూడొద్దు, ఉన్నచోటే నీడ కింద ఉండండి అని. డ్రోన్ తిరగబడి వచ్చి, ఆ టార్పాలిన్లు ఉన్న చోటికి నాలుగడుగుల అవతల నేలకి కొట్టుకుంది.

అది పడ్డాక చేసిన పనిని నేను ఇంకా మెచ్చుకుంటాను. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఈ లిథియం పాలిమర్ బ్యాటరీలు దెబ్బతింటే వెంటనే మండొచ్చు, పావుగంట తర్వాతా మండొచ్చు. పక్కన బొగ్గు. ఇసుక బకెట్లు ముందే తెచ్చి పెట్టుకున్నాడు. పొగ వస్తుందేమోనని దూరంనుంచి చూస్తూ అరగంట నిలబడ్డాం. తర్వాత గ్లవ్స్ వేసుకుని, బ్యాటరీని ఇసుకలో పెట్టి ఆరుబయటికి మోయించాడు. అక్కడున్న డ్రైవరు "జీపులో వెయ్యండి, ఆఫీసుకి తీసుకుపోదాం" అన్నాడు. నలిగిన బ్యాటరీని మనుషులున్న బండిలో వెయ్యడం ఎప్పుడూ చెయ్యకండి. ముక్కలు ఏరక ముందే నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాడు, మెమరీ కార్డు తీసి నా ఎదురుగా కవర్లో పెట్టి అంటించాడు.

అసలు గొడవ మర్నాడు మొదలైంది. డ్రోన్ ఖరీదు నాలుగు లక్షల పైచిలుకు. ఆ అబ్బాయి జీతం ఇరవై రెండు వేలు. మీటింగులో వాళ్ల మేనేజరు ఒకటే మాట. "కంట్రోలు వీడి చేతిలో ఉంది. కిందపడింది. ఇంకా చూసేదేముంది? బ్యాటరీ అయిపోయేదాకా ఎగరేసుంటాడు. జీతంలో కట్ చేద్దాం." కుర్రాడు "సార్, ఇరవై రెండు వోల్టుల పైన ఉందండి, నేను చూస్తూనే ఉన్నానండి" అంటాడు. ఎవరూ వినరు. ఇంకొకాయన అయితే, ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి బయటికి చెప్పొద్దన్నాడు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం ప్రమాదం జరిగితే 48 గంటల్లో డీజీసీఏకి డిజిటల్ స్కై ద్వారా తెలియజెయ్యాలి. "అది రాయాల్సింది నేనండి, నా లైసెన్సు మీద" అని ఆ కుర్రాడే చెప్పాడు. ఉద్యోగం ఊడేట్టున్న మనిషి ఆ మాట అనడం చూసి నాకు ముచ్చటేసింది.

నేను లాగ్ తెరిపించాను. ఆ డ్రోన్ బుర్రలో ఆర్డుపైలట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అది ఎత్తు, వోల్టేజి, ఆంపియర్లు, పైలట్ కర్ర ఎటు తిప్పాడు అన్నీ సెకనులో ఎన్నోసార్లు రాసుకుంటుంది. కిందపడ్డ డ్రోన్ లాగ్ ఎలా ఉండాలి? ఎత్తు తగ్గుతూ తగ్గుతూ సున్నాకి రావాలి కదా. ఈ లాగ్ 60 మీటర్ల ఎత్తులో ఆగిపోయింది. డ్రోన్ లాగ్ ప్రకారం అది ఇంకా గాలిలోనే ఉంది! రాసే చేతికి కూడా అదే బ్యాటరీ కరెంటు కాబట్టి, కరెంటు పోయిన క్షణానే సాక్షి కూడా నోరు మూసేసింది. ఇలా గాలి మధ్యలో తెగిపోయిన లాగ్ కనిపిస్తే, ఈ పని తెలిసినవాళ్లు మొదట అనుమానించేది కరెంటు సరఫరానే.

చివరి వరసలో వోల్టేజి 22.7, కరెంటు 31 ఆంపియర్లు. అది ఆరు సెల్లుల బ్యాటరీ. సెల్లుకి 4.2 వోల్టుల చొప్పున నిండుగా ఉంటే 25.2. ఇరవై ఒకటికి వస్తే దించెయ్యాలని హెచ్చరిక మోగుతుంది. బ్యాటరీ ఖాళీ అయితే వోల్టేజి మెట్లు దిగినట్టు దిగుతుంది, హెచ్చరికలు రాసుంటాయి. ఇక్కడ అలాంటిదేం లేదు. పైలట్ కర్రలు నడిమధ్యలో ఉన్నాయి, ఆటోమేటిక్‌గా వెళ్లే దారిలో వెళుతోంది. అంటే ఎక్కడో తీగ తెగింది, లేదా ఊడింది.

కనెక్టరు దగ్గర దొరికింది. బ్యాటరీ తీగకి ఉండే పసుపు రంగు ప్లాస్టిక్ ముక్క. దాని మీద నల్ల స్లీవు కోసి చూస్తే, ఎర్ర తీగ టంకం దగ్గర ఊడి వచ్చేసింది. నిగనిగలాడాల్సిన టంకం బూడిదరంగులో, పటికబెల్లంలా పలుకులు పలుకులుగా ఉంది. తీగ పోగులకి పాకలేదు, పైపైన అంటుకుంది. దీన్ని కోల్డ్ జాయింట్ అంటారు. రాగి మీద పచ్చగా చిలుము కూడా పట్టింది. మన సముద్రపు గాలి సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు, ఇంటి గ్రిల్సే చూస్తున్నాం. ఆ కనెక్టరు రెండు నెలల ముందు ఒక సర్వీసు సెంటరులో మార్పించారని బిల్లు ఉంది. మార్చింది ఈ అబ్బాయి కాదు, స్లీవు లోపల ఏముందో చూసే వీలూ అతనికి లేదు.

ఇంకో రుజువు పాత లాగుల్లో దొరికింది. అదే బ్యాటరీ, అదే ముప్పై ఆంపియర్ల దగ్గర, కనెక్టరు మార్చిన వారంలో చూపించిన వోల్టేజి కన్నా చివరి వారంలో సుమారు 0.3 వోల్టులు తక్కువ చూపిస్తోంది. ఓమ్ సూత్రం వెయ్యండి. 0.3ని 31తో భాగిస్తే దాదాపు పది మిల్లీఓమ్‌ల కొత్త రెసిస్టెన్సు. బ్యాటరీ ముసలిదవుతున్నా ఇలాగే కనిపిస్తుంది. అందుకని అదే కనెక్టరు జాతిది మంచిది ఒకటి పెట్టి ఆ బ్యాటరీనే లోడు మీద పరీక్షించాం. తగ్గిన వోల్టేజి చాలామటుకు వెనక్కి వచ్చేసింది. అంటే తేడా ఆ టంకంలోనే ఉంది. పది మిల్లీఓమ్‌లంటే ఎంత? ఏమీ కాదనిపిస్తుంది. కానీ ముప్పై ఒక్క ఆంపియర్లకి అక్కడ దాదాపు పది వాట్ల వేడి పుడుతుంది. వేలి గోరంత చోట అంత వేడి, దానికి తోడు మోటార్ల వణుకు. ప్రతిసారీ కొంచెం కొంచెం వదులై, ఆ రోజు విడిపోయింది.

నాలుగు పేజీల రిపోర్టు రాసి, గ్రాఫులు పెట్టి, సంతకం చేశాను. జీతంలో కోత ఆగింది. బీమా ఉంది కాబట్టి కొంత సొమ్ము వచ్చిందని తర్వాత తెలిసింది. "వాడి తప్పు కాదు" అని మాత్రం ఆ మీటింగులో ఎవరూ నోటితో అనలేదు. ఫైలు మూసేశారు, అంతే. మన దగ్గర ప్రమాద విచారణ అంటే కారణం వెతకడం కన్నా మనిషిని వెతకడం తేలిక. మనిషి దొరికాక టంకం ఎవరు చూస్తారు? ఆ కనెక్టరుని ఎవరూ చూడకపోతే, అదే సెంటరులో మార్చిన ఇంకో నాలుగు కనెక్టర్లు అలాగే ఎగురుతూ ఉండేవి. రిపోర్టు వెళ్లాక వాటిని కోసి చూశారు. రెండింటికి ఇదే జబ్బు.

మీ పిల్లలో, మీరో డ్రోన్ ఎగరేస్తుంటే నాలుగు మాటలు చెప్పి దిగిపోతాను. దిగిన వెంటనే కనెక్టరు మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చురుక్కుమంటే ఇంక ఎగరెయ్యకండి. ఎగరేసే ముందు తీగని మెల్లగా లాగి చూడండి. బ్యాటరీ ఉబ్బితే ప్రేమ పెట్టుకోకండి, పక్కన పెట్టండి. వారాల తరబడి వాడకపోతే సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర దాచండి. నిండుగా ఛార్జి చేసి ఎండలో కారులో వదిలెయ్యడం వల్లే మన ఊళ్లో సగం బ్యాటరీలు పాడవుతాయని నా అభిప్రాయం.

వోల్టేజి మెల్లగా పడుతోందంటే అది వేరే జబ్బు, దానికి టైముంటుంది. అప్పుడు ఇంటికి తేవాలని ఆరాటపడకండి, కింద ఖాళీ ఎక్కడుంటే అక్కడ దించండి. భయంతో పైకి లేపితే కరెంటు ఇంకా లాగుతుంది, ఇంకా తొందరగా పోతుంది. తెల్లవారుజామున బీచిలో ఎగరేసేవాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆ వేళ గాలి నేలనుంచి సముద్రం వైపు వీస్తుంది. పోయేటప్పుడు హాయిగా పోతుంది, తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి, సగం బ్యాటరీ ఉంది కదా అనుకుంటే చాలదు. అన్నిటికన్నా ముందు, ఇది నౌకాదళం ఊరు. ఐఎన్ఎస్ డేగా ఇక్కడే, నేవీ స్థావరాల చుట్టూ నిషేధం ఉంది. డిజిటల్ స్కై మ్యాపు చూడకుండా పెట్టెలోంచి తియ్యకండి.

పారాచూట్ పెట్టుకోవచ్చా అని మొన్న ఒకరడిగారు. పెట్టుకోవచ్చు. కానీ దాన్ని విప్పే మీటకి వేరే బ్యాటరీ ఉండాలి. అదే బ్యాటరీ మీద ఆధారపడితే కరెంటు పోయినప్పుడు అదీ పోతుంది. విచ్చుకోవడానికి కొంత ఎత్తూ కావాలి, మరీ కిందుగా ఎగిరేవాటికి అది కాపాడదు. రెండు బ్యాటరీలు జోడుగా ఉండే డ్రోన్లు ఇప్పుడు వస్తున్నాయి, మనుషులున్న చోట పని చెయ్యాలంటే నేను వాటినే అడుగుతాను.

ఆ కుర్రాడు ఇప్పుడు అక్కడ లేడు. ఇంకో చోట చేరాడు, జీతం కాస్త మెరుగు. ఇద్దరు జూనియర్లకి టంకం వెయ్యడం నేర్పుతున్నానని ఫోన్ చేశాడు. "సార్, ముందు తీగని వేడి చెయ్యమంటున్నానండి, టంకాన్ని కాదు" అన్నాడు. మన బడిలో క్రాఫ్టు పీరియడ్‌లో రేడియో కిట్టుకి టంకం పెట్టించిన మాస్టారు కూడా మాతో అదే మాట అనేవారు. ఆయన ఈ సభకి వచ్చారు, రెండో వరసలో ఉన్నారు.

ఆ ఊడిన కనెక్టరు నా దగ్గరే ఉంది. మాత్రల సీసాలో పెట్టి తెచ్చాను, ఒక భూతద్దం కూడా తెచ్చాను. టీ విరామంలో ఇక్కడ బల్ల మీద పెడతాను. మాస్టారూ, ముందు మీరు చూసి మార్కులెన్నో చెప్పాలి. తర్వాత పిల్లలు వరసగా రండి.